విజయనగరంలో ఆరడుగుల ఉప్పునీటి ట్యాంకు ప్యాకేజీ: గాజు పని భేష్, నీళ్ళ పని మీరే చూసుకోండి

ఇంట్లో సముద్రపు చేపలు పెంచే 6×2×2 అడుగుల ట్యాంకు, ఇనప స్టాండు, కింద నాలుగడుగుల సంపు (నీళ్ళు దిగి శుభ్రపడే రెండో ట్యాంకు), స్కిమ్మరు (మురికిని నురగగా తీసేసేది), రిటర్న్ పంపు (సంపు నీళ్ళని తిరిగి పైకి తోసేది), రెండు వేవ్‌మేకర్లు (ట్యాంకులో నీళ్ళని కదిలించేవి), లైట్లు. "నీళ్ళు, చేపలతో సహా ఇంటికొచ్చి బిగించి ఇస్తాం" అన్నది మాట. షాపు పేరు ఇక్కడ అనవసరం. ఎవరి దగ్గర కొటేషన్ తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే. ముందే చెప్పేస్తే: గాజు, వెల్డింగు, పైపుల పని వీళ్ళ చేత నిశ్చింతగా చేయించుకోవచ్చు. నీళ్ళు, ఇసుక, రాయి, చేపల విషయంలో మాత్రం వీళ్ళ మాట వినకండి.

గాజు 12 ఎం.ఎం. వేశారు, పైన చుట్టూ పట్టీ ఇచ్చారు. రెండడుగుల ఎత్తుకి ఇది సరిపోతుంది. పట్టీ వద్దు, అందం పోతుంది అంటే 15 ఎం.ఎం.కి వెళ్ళాలి. అంటించింది అక్వేరియం సిలికోనే. బాత్రూములకి వాడే, బూజు పట్టని రకం సిలికోన్ ఇక్కడ పనికిరాదు, అందులోని మందు నీళ్ళలోకి దిగి చేపల్ని చంపుతుంది. అంటించాక వారం ఆరనిచ్చి, కుళాయి నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచి కారుతోందేమో చూశారు. ఇంత ఓపిక అందరికీ ఉండదు.

బరువు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఖాళీ గాజే 120 కిలోల పైమాట. నీళ్ళు, రాయి, ఇసుక, స్టాండు కలిపితే టన్ను దగ్గరకి వస్తుంది. మేడ మీద పెట్టేటట్టయితే హాలు మధ్యలో వద్దు, బీము ఉన్న గోడ వెంబడి పెట్టండి. స్టాండు మీద రసమట్టం పెట్టి నాలుగు మూలలూ చూసి, దాని మీద ప్లైవుడ్, ఆపైన థర్మోకోల్ షీటు వేసి ట్యాంకు ఎక్కించారు. ఇనుముకి ఎపాక్సీ పెయింటు రెండు కోటింగులు అడగండి. మామూలు రంగు వేస్తే ఉప్పు గాలికి ఏడాదిలోనే పెచ్చులు లేస్తుంది.

పైపుల పనిలో ఒక్క లోపం. రిటర్న్ పైపు మూతి బయటకి కనిపించకూడదని నీటి మట్టానికి నాలుగంగుళాలు కిందకి దించారు. కరెంటు పోయిందనుకోండి, పంపు ఆగుతుంది, అదే పైపులోంచి నీళ్ళు వెనక్కి సంపులోకి లాగేస్తాయి. ఈ ట్యాంకులో అంగుళం మట్టం అంటే 28 లీటర్లు. నాలుగంగుళాలకి 110 లీటర్ల పైనే. సంపు మొత్తం 250 లీటర్లు, మామూలుగా 150 వరకు నీళ్ళుంటాయి. అంటే మిగతావన్నీ మీ హాల్లోనే. మూతిని మట్టానికి ముప్పావు అంగుళం కిందకి తెమ్మనండి, పైపుకి మట్టం అంచునే 5 ఎం.ఎం. బెజ్జం పెట్టించండి, గాలి పీల్చుకుని వెనక్కి లాగడం ఆగిపోతుంది. ఆ బెజ్జంలో నాచు పేరుకుంటుంది, నెలకోసారి పుల్లతో పొడవాలి. "చెక్ వాల్వ్ వేశాం కదా సార్" అంటారు. నీళ్ళు వెనక్కి రాకుండా మూసుకునే వాల్వ్ అది, దాన్ని నమ్ముకోవద్దు, ఉప్పో, చిన్న నత్తో అడ్డం పడితే అది మూసుకోదు. బిగించిన రోజే మెయిన్ ఆపి సంపు ఎంతవరకు నిండుతుందో కళ్ళారా చూసుకున్నాకే మిగతా డబ్బులివ్వండి.

ఇక నీళ్ళు. ప్యాకేజీలో "సముద్రపు నీళ్ళు" అని ఉంటుంది, చింతపల్లి నుంచో భీమిలి నుంచో డ్రమ్ముల్లో తెస్తారు. "చేపలు బతికేది అందులోనే కదా బాబూ" అన్న వాదన వినడానికి బాగుంటుంది. ఒడ్డున ముంచిన నీళ్ళలో మట్టి, కుళ్ళు, పరాన్నజీవులు అన్నీ ఉంటాయి. పైగా వానాకాలం చివర, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, నదుల వరద నీరు కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. కళింగపట్నం లాంటి చోట్ల వంశధార మొగ పక్కనే ముంచితే చెప్పక్కర్లేదు. ట్యాంకుకి కావలసింది లీటరుకి 35 గ్రాముల ఉప్పదనం, సాంద్రత 1.025–1.026. నెలనెలా ఒకేలా ఉండే నీళ్ళు కావాలంటే ఆర్వో నీళ్ళలో మెరైన్ ఉప్పు కలుపుకోవడమే దారి.

ఆర్వో అనగానే వంటింటి మెషిన్ వైపు చూడకండి. తాగే నీటి మెషిన్లు రుచి కోసం మినరల్స్ మళ్ళీ కలుపుతాయి, కొన్నిటిలో "కాపర్" కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. మనిషికి మంచిదని అమ్మే ఆ రాగి రొయ్యలకి, నత్తలకి, పగడాలకి విషం. మెంబ్రేన్ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని లాగేసే గుళికలు) ఉన్న విడి యూనిట్ పెట్టుకుని, మీటరులో టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) సున్నా వచ్చాకే వాడాలి. మనకి చాలా ఇళ్ళలో బోరు నీళ్ళే గతి. గట్టి నీళ్ళయితే రెజిన్ త్వరగా అయిపోతుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ట్యాంకు, సంపు కలిపి నికరంగా సుమారు 700 లీటర్లు. లీటరుకి 37 గ్రాముల చొప్పున 26 కిలోల ఉప్పు. నీళ్ళలో ఉప్పు కొద్దికొద్దిగా పోయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం విరిగి తెల్లగా అడుగున పేరుకుంటుంది, మళ్ళీ కరగదు. పంపు వేసి ఒక రోజు తిప్పాక కొలవండి. ప్యాకేజీలో ఇచ్చే ప్లాస్టిక్ ముల్లు హైడ్రోమీటరు పక్కన పడేయొచ్చు. ముల్లుకి గాలి బుడగ అంటితే ఎక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరు (చుక్క నీటిలో వెలుతురు వంగే తీరుని బట్టి ఉప్పదనం చూపేది) కొని, 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి. రోజూ ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది కాబట్టి తగ్గినప్పుడు పోయాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే. షాపు కుర్రాడు ఉప్పునీళ్ళు పోయమని చెప్పి వెళ్ళాడు. అలా పోస్తూ పోతే కొన్ని వారాల్లోనే ఉప్పదనం హద్దు దాటుతుంది.

ఇసుక కూడా బీచ్‌దే తెచ్చారు. భీమిలి నుంచి భావనపాడు దాకా మన ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్, మాగ్నటైటు లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి, ఆ నల్లటి చారలు అవే. గాజు తుడిచే అయస్కాంతాన్ని కిందకి జరపగానే నల్ల రేణువులు దానికి అంటుకుంటాయి. మరో రుద్దుకి గాజు మీద గీత, అది ఇక పోదు. దీని బదులు అరగొనైట్ ఇసుక (సున్నపు రకం ఇసుక) ఒకటిన్నర అంగుళం మందాన వేస్తే 60 కిలోల దాకా పడుతుంది.

రాయి విషయంలో బేరమే లేదు. "లైవ్ రాక్ (జీవులు పట్టి ఉన్న సముద్రపు రాయి), నేచురల్ కోరల్ (పగడం) ఇస్తాం" అంటే వద్దని చెప్పేయండి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, చచ్చిన పగడపు ముక్క కొన్నా నేరమే. సముద్రపు గుర్రాలూ అంతే. సిరామిక్ రాయో, సిమెంటు, గుల్ల కలిపి పోసిన రాయో సరిపోతుంది. సిమెంటు రాయిని ముందు నెలా రెండు నెలలు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి.

ప్యాకేజీలో అన్నిటికంటే చెడ్డ మాట "మూడో రోజు చేపలు వేస్తాం" అన్నది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాని తినేసే బ్యాక్టీరియా కొత్త రాయిలో పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల్లేకుండానే అమోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేసి, అదీ, దాని తర్వాత వచ్చే నైట్రైటూ ఒక్క రోజులో సున్నాకి దిగేదాకా ఆగాలి. ఫ్రీగా ఇచ్చే డామ్సెల్ చేపలతో ఆ పని కానిస్తామంటారు. అవి బతికితే ఇంకా కష్టం. ట్యాంకంతా తమదే అన్నట్టు తర్వాత వేసిన ప్రతి చేపనీ తరుముతాయి, పట్టుకోవాలంటే రాళ్ళన్నీ ఊడదీయాలి. మొదట హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత వేసుకోండి. తెల్ల మచ్చల జబ్బు ట్యాంకులోకి ఎక్కిందంటే రాళ్ళున్న చోట రాగి మందు వేయలేం, అందుకే ఏ చేపనైనా ముందు నెల రోజులు విడి ట్యాంకులో ఉంచాలి.

నీళ్ళని చల్లబరిచే చిల్లరు వీళ్ళ ప్యాకేజీలో లేదు, "ఫ్యాన్ చాలు" అన్నారు. మే నెల ఉక్కలో గాలే తడిగా ఉంటే ఫ్యాను ఏం చల్లబరుస్తుంది? నీళ్ళు 25–27 డిగ్రీల్లో ఉండాలంటే ఈ సైజుకి అర హెచ్‌పీ చిల్లరు కావాలి. దాన్ని స్టాండు లోపల పెట్టి తలుపు మూస్తే తన వేడి తనే పీల్చుకుని రోజంతా ఆగకుండా తిరుగుతుంది. బయటే పెట్టండి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. చేపలు ముందు పోయేది ఆక్సిజన్ అందక. ఒక వేవ్‌మేకరు 30–40 వాట్లే తీసుకుంటుంది, 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ మీద ఒక రోజు నడుస్తుంది. ఇన్వర్టరు సైన్ వేవ్‌దై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. స్విచ్ బోర్డు స్టాండు లోపల కాకుండా పక్క గోడకి పెట్టించి, 30 ఎంఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వేయించండి.

కొటేషన్ చేతికొచ్చాక సముద్రపు నీళ్ళు, బీచ్ ఇసుక, లైవ్ రాక్, చేపలు అన్న నాలుగు లైన్లూ కొట్టించి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. మిగిలిన దాంతో రిఫ్రాక్టోమీటరు, డీఐ యూనిట్, అమోనియా కిట్ వస్తాయి. చిల్లరుకి మాత్రం వేరే డబ్బు తీయాల్సిందే.