యాంటీబ్యాక్టీరియల్ స్విమ్‌సూట్: తడి సంచిలో బాగా పనిచేస్తుంది, కొలనులో కాదు

విశాఖపట్నంలో వేసవి నుంచి వానాకాలం చివరి వరకు ఒక యాంటీబ్యాక్టీరియల్ స్విమ్‌సూట్‌ను క్రమం తప్పకుండా వాడాను. మోకాళ్ల దాకా ఉండే మహిళల స్విమ్‌సూట్ ఇది. బట్టలో నైలాన్ 80 శాతం, ఎలాస్టేన్ (సాగే నూలు) 20 శాతం, దాని మీద వెండి అయాన్ల (విద్యుదావేశం ఉన్న వెండి అణువుల) పూత ఉన్నాయని లేబుల్ చెబుతోంది.

ఉదయం ఈత ముగించుకొని నేరుగా ఆఫీసుకు వెళ్లేవారికి తడి స్విమ్‌సూట్ సాయంత్రం దాకా సంచిలోనే ఉండిపోతుంది. సముద్రపు గాలిలోని చెమ్మకు వానాకాలంలో దండెం మీద వేసినా అది తొందరగా ఆరదు. నా పాత స్విమ్‌సూట్ ఉన్న సంచి జిప్పు తీయగానే ముక్కిన వాసన గుప్పుమనేది. ముఖ్యంగా తొడల మధ్య లోపలివైపు కుట్టిన లైనింగ్ దగ్గర, రెండు పొరల మధ్య తడి నిలిచేచోట, ఉతికినా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. కొత్తదానిలో అదే చోట ముక్కు పెట్టి చూసినా కాస్త క్లోరిన్ వాసన తప్ప మరేమీ తెలియలేదు. దీనికి కారణం ఉంది. వెండి అయాన్లు విడుదల కావడానికి తేమ కావాలి. అలా విడుదలైనవి బ్యాక్టీరియా కణాల్లోని ప్రోటీన్లకు అతుక్కొని వాటి పనిని అడ్డుకుంటాయి. అంటే బట్ట తడిగా ఉండి, సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన ఆ గంటల్లోనే ఈ పూత పనికొస్తుంది.

అయితే కొలనులో ఈ పూత మనల్ని రోగాల నుంచి కాపాడుతుందన్న ప్రచారాన్ని నేను అంగీకరించను. సరిగ్గా నిర్వహించే కొలనులో ఆ పని క్లోరిన్ చేస్తుంది. బట్టల యాంటీబ్యాక్టీరియల్ గుణాన్ని కొలిచే ఐఎస్ఓ 20743 పరీక్షను ప్రయోగశాలలో బట్ట ముక్క మీద బ్యాక్టీరియాతో చేస్తారు. గజ్జల్లో వచ్చే తామర, మహిళలను బాధించే క్యాండిడా ఇన్ఫెక్షన్ మాత్రం ఫంగస్ వల్ల వస్తాయి. కాబట్టి ఏ పూత ఉన్నా, ఈత అయిన వెంటనే తడి బట్ట మార్చుకొని ఒళ్లు తుడుచుకోవలసిందే.

నా అసంతృప్తి లేబుల్ విషయంలో. పూత ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో, లైనింగ్‌కు కూడా ఉందో లేదో అందులో రాయలేదు. వెండి పూత ఉతికేకొద్దీ కొంత పోతుంది కనుక కొనేవారికి ఈ సమాచారం అవసరం. పూతలో వాడిన పదార్థం పేరు కూడా చెప్పని దుస్తులను మాత్రం అసలు కొనవద్దు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్ అనే సూక్ష్మజీవనాశక రసాయనం సహా 19 పదార్థాలను యాంటీబ్యాక్టీరియల్ సబ్బుల్లో వాడకుండా నిషేధించింది. ట్రైక్లోసాన్‌ను బట్టల పూతల్లోనూ వాడుతూ వచ్చారు.

మన్నికలో ఈ స్విమ్‌సూట్ నన్ను నిరాశపరిచింది. క్లోరిన్ ఎలాస్టేన్‌ను బలహీనపరుస్తుంది, దాన్ని ఈ పూత ఆపలేదు. పిరుదుల దగ్గర బట్ట ఇప్పటికే సాగి పలచబడింది. రోజూ ఈదేవారు ముందుగా క్లోరిన్‌ను తట్టుకునే పాలిస్టర్-పీబీటీ (పీబీటీ కూడా కొంత సాగే ఒక రకం పాలిస్టరే) బట్టను చూసుకొని, అందులో యాంటీబ్యాక్టీరియల్ పూత దొరికితే తీసుకోవడం మేలు. ఈత కాగానే మంచినీళ్లతో జాడించి, మేడ మీద నీడపట్టున ఆరేసుకునే వీలున్నవారు దీనికోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు. ఏడాది తిరిగేసరికి పొట్టిదైపోయే పిల్లల స్విమ్‌సూట్‌కైతే అసలే అవసరం లేదు.