ఐరన్ సేఫ్ బరువు చూసి మోసపోకండి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు హెచ్చరిక

ఇంటికి ఐరన్ సేఫ్ కొనాలనుకునేవాళ్లు, ముఖ్యంగా లైసెన్సు తుపాకీ పెట్టుకోవడానికి వెతుకుతున్నవాళ్లు, అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. ఆ గొడవ కన్స్యూమర్ కమిషన్‌లోనే తేలనీ.

మా నాన్నగారు మాజీ సైనికుడు. ఆయన పేరు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి మళ్లీ తెచ్చుకోవడమే తప్ప అది బయటికి వచ్చేది లేదు. ఇంట్లో పిల్లలు పెద్దవుతున్నారు, బీరువాలో పెట్టాలంటే టెన్షన్. రేణిగుంట రోడ్డు వైపు ఒక షాపులో 5 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు ఉండే సేఫ్ చూపించారు. "6 మిల్లీమీటర్ల ప్లేటు సార్, మూడొందల కేజీలు. ఇంత బరువుండేది ఎవుడెత్తుకుపోతాడు?" అన్నాడు షాపాయన. కాటా వేయిస్తే నిజంగానే ఇంచుమించు అంతే తూగింది.

అసలు సంగతి ఫిట్టింగ్ రోజు బయటపడింది. అడుగున బోల్టుకు ఇంకో రంధ్రం వేయాల్సి వచ్చింది. 6 మి.మీ. ప్లేటైతే డ్రిల్లు కాసేపు మొరాయించాలి. ఇది చటుక్కున దిగిపోయి బూడిద రంగు సిమెంటు పొడి కక్కింది. వెర్నియర్ పెట్టి చూస్తే బయటి రేకు 2 మి.మీ. ఉంది. లోపల అలాంటిదే ఇంకో రేకు, మధ్యలో అంగుళం మందాన సిమెంటు. మూడొందల కేజీల్లో సగానికి పైగా సిమెంటే.

లెక్క చాలా సులువు. 1 మి.మీ. మందం ఉండే ఇనుప రేకు చదరపు అడుగుకు సుమారు 730 గ్రాములు తూగుతుంది. పైన చెప్పిన కొలతల పెట్టెకు ఆరు వైపులా కలిపి 41 చదరపు అడుగులు. అంటే 6 మి.మీ. ప్లేటుతో ఒకే పొరగా చేస్తే పెట్టె దాదాపు 180 కేజీలు, 2 మి.మీ. రేకైతే 60. షాపువాళ్లు చెప్పిన మందానికి ఈ లెక్క కన్నా తక్కువ తూగితే అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. ఎక్కువ తూగితే మాత్రం నిజమని అనుకోవడానికి లేదు, లోపల ఏం నింపారో చూడాలి. బోల్టు రంధ్రం అంచు దగ్గర, తలుపు అంచు దగ్గర కొలవనివ్వమనండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

న్యాయంగా చెప్పాలంటే రేకుల మధ్య కాంక్రీటు నింపడం తప్పేమీ కాదు. మంచి కంపెనీల సేఫుల్లో కూడా ఉంటుంది, కట్టర్లకీ మంటలకీ తట్టుకోవడానికి. దాన్ని దాచిపెట్టి గట్టి ప్లేటు ధర గుంజడమే మోసం. పైగా సరిగ్గా ఆరని సిమెంటు లోపలికి చెమ్మ వదులుతుంది. మన దగ్గర నవంబరు వానలకు మామూలుగానే ఇనుము తుప్పు పడుతుంది, ఇక బ్యారెల్ సంగతి చెప్పాలా! నూనె రాసి, సిలికా జెల్ సంచులు పెట్టి అప్పుడప్పుడూ మారుస్తున్నాం.

ఐ.ఎస్. 550 అనేది సేఫులకు ఉన్న భారతీయ ప్రమాణం. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందంటే దాని కింద లైసెన్సు నంబరు కూడా ఉండాలి, బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. మేము కొన్నదాని మీద స్టిక్కరు తప్ప నంబరు లేదు. లోపలి ఎత్తు కూడా టేపుతో కొలవండి. 12 బోర్ తుపాకీ పొడవు సుమారు 45 అంగుళాలు. కింద లాకరు డబ్బా పోగా మాకు అంత మిగల్లేదు. డబుల్ బ్యారెల్ కాబట్టి విప్పి పెట్టుకున్నాం, రైఫిల్ అయితే ఏం చేసేవాళ్లమో.

"డోర్ డెలివరీ" అంటే వాళ్ల దృష్టిలో గేటు దాకానే. లోపలికి మోయడానికి హమాలీలు వేరే అడిగారు, రెండు గ్రానైట్ మెట్ల అంచులు ఎగిరిపోయాయి, బాధ్యత ఎవరిదో తేలలేదు. లోపలికి తెచ్చే ఖర్చు, మెట్లెక్కించే ఖర్చు బిల్లులోనే రాయించుకోండి.

బిగించడంలోనూ అదే నాసిరకం. సేఫ్ అడుగు నుంచి కిందికి రెండున్నర అంగుళాలే దిగే బోల్టులు వేశారు. టైలు, దాని కింద మాలు కలిపి రెండు అంగుళాలు పోతే, కాంక్రీటులోకి దిగింది అర అంగుళమే. చేత్తో ఊపితే కదిలింది. పొడుగు యాంకర్ బోల్టులు విడిగా కొని వేయించాం. మేడ మీద పెట్టుకునేవాళ్లు స్లాబు పూర్తిగా తొలిచేయకుండా, అందులో కరెంటు పైపులు ఎటు పోయాయో ముందే చూసుకోవాలి. సేఫ్‌ను గది మధ్యలో కాకుండా స్లాబు కింద దూలం ఉండే గోడ వారగా పెట్టడం మేలు. డిజిటల్ లాకైతే కంపెనీ పెట్టిన మాస్టర్ కోడ్ మార్చండి, యూజర్ కోడ్ ఒక్కటీ మారిస్తే చాలదు.

వెనక్కి తీసుకోమంటే రవాణా ఖర్చు మమ్మల్నే పెట్టుకోమన్నారు. ఒప్పుకోలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, ఇప్పుడు కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. బిల్లులో "హెవీ డ్యూటీ సేఫ్" అని మాత్రమే ఉంది, మందం లేదు. "6 మి.మీ." అని షాపాయన పంపిన వాట్సాప్ మెసేజ్ మాత్రం ఫోన్‌లో ఉంది, దాన్నే ముందు పెడుతున్నాను.