ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విత్తనం: ఎవరి పొలానికి పనికొస్తుంది?

1986లో బాపట్ల నుంచి వచ్చిన వరి రకం బీపీటీ 5204 (సాంబ మసూరి) గింజకు వంక పెట్టలేం. బాధంతా తెగుళ్లతోనే. ముఖ్యంగా బ్యాక్టీరియా ఎండాకు తెగులు ఒకసారి పట్టిందంటే మందు కొట్టి అదుపు చేయడం చాలా కష్టం. ఆ లోటు తీర్చడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన రకం ఇది. 2008లో విడుదలైంది. ఎండాకు తెగులు ఏటా వచ్చే పొలానికి దీన్ని నిస్సంకోచంగా వేసుకోవచ్చు.

ఇందులో కొత్తగా చేరినవి మూడు జన్యువులు. జన్యువంటే ఏ ప్రొటీన్ తయారు కావాలో కణానికి చెప్పే డీఎన్‌ఏ ముక్క. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ21 తయారుచేసే ప్రొటీన్ కణం పైపొరలో ఉండి, బ్యాక్టీరియా జాడ తగలగానే మొక్కలో రక్షణ చర్యలు మొదలుపెడుతుంది. ఎక్స్‌ఏ13 పని వేరు. మామూలు వరిలో బ్యాక్టీరియా ఒక చక్కెర రవాణా జన్యువును తనే పని చేయించి తిండి రాబట్టుకుంటుంది. ఇందులో ఆ జన్యువు ముందుభాగం మారిపోవడంతో దాని ఆట సాగదు. మూడోది ఎక్స్‌ఏ5. ఒక్క జన్యువే ఉంటే బ్యాక్టీరియా కొన్నాళ్లకు దాన్ని తప్పించుకోగలదు, మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం.

ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అంతర్గత జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే పూర్తిగా పనిచేస్తాయి. ఒక్క ప్రతే ఉన్న మొక్కను చూసి గుర్తుపట్టలేం కాబట్టి, బీపీటీతో మళ్లీ మళ్లీ సంకరం చేసిన ప్రతి తరంలో చిన్న ఆకుముక్క తీసి డీఎన్‌ఏ పరీక్షతో మొక్కల్ని ఎంచారు. ఇది బీటీ పత్తిలా జన్యుమార్పిడి పంట కాదు. గింజ సన్నం, అన్నం తీరు బీపీటీవే. కోత వారం, పది రోజులు ముందొస్తుంది.

లోపం చెప్పాలంటే, ఈ మూడు జన్యువులూ ఎండాకు తెగులుకే. అగ్గి తెగులు, సుడిదోమ, పాముపొడ తెగులు ఎప్పటిలాగే వస్తాయి. ఎక్స్‌ఏ21 ఉందన్న ధీమాతో యూరియా దండిగా వేస్తే దోమ, పాముపొడ ఇంకా ఎక్కువవుతాయి. మూడు దఫాలుగానే వేయాలి, చివరిది అంకురం దశలో, అంటే పిలకలో కంకి పుట్టే దశలో.

కొనేముందు మీ పొలంలో వస్తున్నది ఎండాకు తెగులేనా అన్నది తేల్చుకోండి. అంచుల వెంట అలలుగా పసుపెక్కిన ఆకును పచ్చిభాగం దగ్గర కోసి, గాజుగ్లాసులో నీళ్లలో ముంచితే కొద్ది నిమిషాల్లో కోసినచోటి నుంచి పాలలాంటి ధార దిగుతుంది. దిగకపోతే కారణం వేరే కావచ్చు.

సూటి రకం (హైబ్రిడ్ కాదు) గనుక విత్తనం మళ్లీ దాచుకోవచ్చు. పక్క పొలం బీపీటీ పుప్పొడి పడితే మాత్రం ఆ గింజల్లో అంతర్గత జన్యువులు రెండూ ఒక్క ప్రతికే పరిమితమై ఎక్స్‌ఏ21 ఒక్కటే కాపాడాలి. అందుకే విత్తనం మడికి చుట్టూ 3 మీటర్లు వదిలి, పూత దశలో కేళీలు (వేరే రకం మొక్కలు) పీకేయాలి. హార్వెస్టర్ నుంచి మొదట వచ్చే గింజల్లో పక్కవాళ్ల రకం కలిసి ఉంటుంది, వాటిని విత్తనానికి ఉంచకండి.