అమ్మకు ముందే తెలుసు

మిస్ మార్వెల్ కామిక్స్ నాలుగో సంపుటంలో ఒక సన్నివేశం ఉంది. ఈ ఆరేళ్లలో మొత్తం సిరీస్ మూడుసార్లు చదివాను, ఆ సన్నివేశం మాత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మా ఇంట్లో ఆ పుస్తకం దానంతటదే అక్కడే తెరుచుకుంటుంది.

పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన ఒక అమెరికా పిల్ల మిస్ మార్వెల్ అనే సూపర్ హీరో అవుతుంది. ఆ కథ, శక్తులు, డ్రెస్సు సంగతి చాలామందికి తెలుసు. 2022లో వచ్చిన టీవీ సిరీస్ చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అందుకే అవన్నీ వదిలేస్తున్నాను. జి. విల్లో విల్సన్ 2014 నుంచి 2019 దాకా రాసిన పది సంపుటాల గురించే చెబుతాను. అందులోనూ ఎక్కువగా ఆ పిల్ల ఇంటి గురించే.

మేముండేది జెర్సీ సిటీలోనే, జర్నల్ స్క్వేర్ దగ్గర. కథ జరిగేది కూడా ఇక్కడే. సూపర్ హీరోలందరూ నది అవతల న్యూయార్క్‌లో ఉంటే ఈ పదహారేళ్ల పిల్ల ఇవతల ఉంటుంది. మా అమ్మాయి పదకొండేళ్లప్పుడు మొదటి సంపుటం తెచ్చుకుంది. ఏం చదువుతోందో చూద్దామని నేనూ తెరిచాను. మొదట్లో కథలోని అమ్మాయి పేరు కమల అనే చదువుకున్నాను. మన కమలే కదా, తామరపువ్వు అనుకున్నాను. ఆ సంపుటం చివరికొచ్చేసరికి తండ్రి యూసుఫ్ మంచం మీద కూతురి పక్కన కూర్చుని, ఆ పేరు ఎందుకు పెట్టారో చెబుతాడు. ఇంకో బిడ్డ పుట్టడం కష్టమనుకున్న రోజుల్లో పుట్టిన పిల్ల. కమాల్ అంటే అరబీలో పరిపూర్ణత. నువ్వు వేరే ఎవరిలానో మారక్కర్లేదు, ఇలాగే సంపూర్ణంగా ఉన్నావు అంటాడు. అప్పట్నుంచి కమాలా అనే చదువుతున్నాను.

ఆ ఇంట్లో నాకు అందరికంటే నచ్చింది అన్న ఆమిర్. పెద్ద గడ్డం, ఎప్పుడూ నమాజు, ఉద్యోగం లేదు. ఉద్యోగం వెతుక్కోవడం తప్పించుకోవడానికే ప్రార్థనలు చేస్తున్నావని తండ్రి సాధిస్తుంటాడు. వేరే ఎవరైనా రాస్తే అలాంటి కుర్రాణ్ణి చూడగానే అనుమానించేలా రాసేవారు. ఇక్కడ చెల్లెలంటే ప్రాణం పెట్టే అన్న. తర్వాత తైషా అనే నల్లజాతి అమ్మాయిని చేసుకుంటానంటాడు. మతం ఒకటే అయినా రెండు కుటుంబాల పెద్దలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు గదిలో గాలి బిగుసుకుపోతుంది. మన ఇళ్లలో సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉంటుంది చూడండి, అదే అక్కడ కూడా ఉంది.

ఇక ఆ సన్నివేశం. ఆకాశంలో ఇంకో భూమి వేలాడుతోంది, లోకం అంతమైపోతోంది, ఊరి జనమంతా స్కూల్లో తలదాచుకున్నారు. అప్పుడు కమాలా తల్లి దగ్గరికి వెళ్లి, మిస్ మార్వెల్ తానేనన్న నిజం చెప్పబోతుంది. మూడు సంపుటాల పాటు ఈ తల్లి మునీబా కోప్పడుతూనే కనిపిస్తుంది. రాత్రిపూట బయటికి వెళ్లకూడదు, అబ్బాయిలతో తిరగకూడదు, ఇలాగే. కూతురు నోరు తెరిచేసరికి, నాకు తెలుసులే అంటుంది. ఇంకొందరు పిల్లలు ఇల్లు దాటి ఏవేవో చేస్తారు, నా కూతురు మనుషుల్ని కాపాడ్డానికి వెళ్లింది, మంచి బిడ్డను పెంచానని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను అంటుంది. ఆ అర్థం వచ్చే మాటలు. వాటేసుకుంటారు. అంతే. లోకం ముగిసేలోపు ఒక ఇంట్లో దాపరికం ముగిసింది.

మొదటిసారి చదివినప్పుడు కళ్లు తుడుచుకుని పక్కన పెట్టాను. రెండోసారి చదివేనాటికి మా ఇంట్లో ఒక సంగతి జరిగింది.

మా అమ్మాయికి పద్నాలుగో ఏడు. శనివారాలు మధ్యాహ్నం లెక్కల క్లాసుకు పంపేవాళ్లం. ఒకరోజు చపాతీ పిండి కలుపుతుంటే క్లాసువాళ్ల మెసేజ్ వచ్చింది, మీ పాప అయిదు వారాలుగా రావట్లేదు, సీటు ఉంచాలా తీసెయ్యాలా అని. పిండి చేతులతోనే మళ్లీ మళ్లీ చదివాను. ప్రతి శనివారం నేనే దించి వస్తున్నాను. నేను కారు తిప్పుకుని వెళ్లగానే ఇది లైబ్రరీకి నడిచి వెళ్లి బొమ్మలు వేసుకుంటోంది. ఆ సాయంత్రం నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా అమ్మ తెనాలిలో నన్ను అన్నవే, ఒక్క అక్షరం మారకుండా వచ్చాయి. అది ఏడవలేదు. బ్యాగులోంచి బొమ్మల పుస్తకం తీసి బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. తెరిచి చూస్తే సగం పేజీల్లో నేనే ఉన్నాను. స్టవ్ దగ్గర, ఫోన్లో, కారు నడుపుతూ వెనక నుంచి. చెవి పక్కన జడలోంచి ఊడిపోయిన వెంట్రుకలతో సహా వేసింది.

రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు రాత్రి అల్మరాలోంచి ఆ నాలుగో సంపుటమే తీసుకుని దాని మంచం మీద కూర్చున్నాను. ఇద్దరం కలిసి చదివాం. ఆ పేజీ వచ్చినప్పుడు అది మెల్లగా అంది: "అమ్మా, నువ్వు అలా అనలేదు." అనలేదు, నిజమే. క్లాసు మాన్పించేశాం. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది.

అందుకే ఈ సిరీస్ గురించి నేను చెప్పేది కాస్త ఎక్కువచేసి చెప్పినట్టు అనిపించవచ్చు. ఇంతకు ముందు అడిగిన ప్రతివాళ్లకూ పది సంపుటాలూ కొనెయ్యండి అని చెప్పేదాన్ని. ఇప్పుడు మొదటి నాలుగూ కొనండి అంటాను. రెండో సంపుటంలోని విలన్ గురించి ముందు నవ్వుకున్నాను, థామస్ ఎడిసన్‌ను క్లోనింగ్ చేస్తే చిలుక జాతి పిట్ట జన్యువులు కలిసిపోయాయట, కాబట్టి మనిషికి పిట్ట తల. ఆయన పేరే ఉన్న ఎడిసన్ ఊళ్లో, ఇక్కడే న్యూజెర్సీలో, మనవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టి చదువుతుంటే ఇంకా వింతగా ఉంటుంది. కానీ అతను చేసే పని వింత కాదు. ఈ తరం పిల్లలు భూమికి భారం అని వాళ్లచేతే ఒప్పించి, వాళ్ల ఒంట్లోని శక్తిని బ్యాటరీల్లా లాగేస్తాడు. పిల్లలు తమంతట తామే వచ్చి పడుకుంటారు. పెద్దవాళ్లు పదేపదే అంటే పిల్లలు నిజంగానే నమ్మేస్తారు. నేను లెక్కల క్లాసు గురించి అన్న మాటలే గుర్తొచ్చాయి.

అయిదో సంపుటం నుంచి పట్టు కాస్త సడలింది. ఆరోది సివిల్ వార్ 2 అనే పెద్ద కథలో ఇరుక్కుంది. వేరే పుస్తకాలు చదవకపోతే ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియదు. అయినా ప్రాణ స్నేహితుడు బ్రూనో గాయపడి దూరమవడం, కమాలా కరాచీలో బంధువుల దగ్గరికి వెళ్లడం మాత్రం బాగున్నాయి. చిత్రకారులు మారడం నాకు ఇబ్బందిగా అనిపించింది. ఏడ్రియన్ అల్ఫోనా గీసిన పేజీల్లో వెనక అల్మరాలో ఉన్న డబ్బా మీద కూడా ఏదో ఒక బుల్లి చిలిపితనం ఉంటుంది, మా అమ్మాయి వాటిని వెతికి వెతికి పట్టుకునేది. తర్వాతి వాళ్ల బొమ్మలు చక్కగా ఉన్నాయి కానీ వెతకడానికి ఏమీ లేదు.

కోపం ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. 2023లో కమాలాను చంపేశారు. తన సొంత కామిక్‌లో కాదు, స్పైడర్‌మ్యాన్ పుస్తకం ఇరవయ్యారో సంచికలో. ఒక ఇంటి పిల్లగా మొదలైన కథలో ఆ పిల్ల చావు వేరే వాడి కథకు మెట్టుగా మిగిలింది. ఆ ఏడాదే మళ్లీ బతికించారు, అది వేరే సంగతి. మునీబా పేజీ చదివినవాళ్లెవరికీ ఆ చావు మింగుడుపడదు. నాకు పడలేదు. విల్సన్ తర్వాత వచ్చినవి మా ఇంట్లో ఉన్నా, రెండోసారి తీయలేదు.

మీకు పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే, ముఖ్యంగా ఇక్కడ పెరుగుతున్నవాళ్లుంటే, ముందు మీరు చదవండి. పాకిస్తానీ ముస్లిం కుటుంబం కదా, మనకేం సంబంధం అని ఒకరిద్దరు స్నేహితులు అన్నారు. అమ్మీ అనే చోట అమ్మా అని పెట్టుకుంటే చాలు, నలుగురూ ఏమనుకుంటారో అనే భయం అచ్చంగా మనదే. పిల్లలు లేనివాళ్లకు, యుద్ధాలు, ఫైటింగులు కోరుకునేవాళ్లకు ఇంత నచ్చుతుందో లేదో చెప్పలేను. నేను చదివింది తల్లిగానే.

మొదటి సంపుటం వెన్ను ఊడిపోతే టేపు వేశాం. ఆగస్టులో మా అమ్మాయి కాలేజీకి వెళ్తోంది, పది పుస్తకాలూ అట్టపెట్టెలో సర్దుకుంది. నాలుగోది ఇక్కడ ఉంచుతావా అని అడిగాను. ఆలోచిస్తానంది.