జేసీబీ దించే ముందు: కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ మీద నా రివ్యూ

చిన్న అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లు, సైట్ ఇంజనీర్లు, డ్రైనేజీ కనెక్షన్ కోసం ఇంటి ముందు రోడ్డు తవ్వించేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. తవ్వే ముందు భూమిలో కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు కబురు పంపడానికి కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను.

దీన్ని 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించారు. ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చినట్టు తవ్వడం వల్ల కేబుళ్లు తెగి దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వస్తోందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. వాడటం కష్టమేమీ కాదు. ఎక్కడ తవ్వుతున్నారో, ఎప్పుడు, ఏ పని మీదో నింపి పంపితే, ఆ చోట లైన్లున్న సంస్థలకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ వెళ్తాయి. కింద ఏముందో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో వాళ్లు మీకు చెప్పాలి.

ఇదేదో చేస్తే చేశాం, లేకపోతే లేదు అన్నట్టు చాలామంది బిల్డర్లు మాట్లాడుతున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. టెలికాం లైన్లు దెబ్బతినే అవకాశం ఉన్నచోట తవ్వేవాళ్లు ముందుగా నోటీసు ఇవ్వాలని, తెగ్గొడితే నష్టపరిహారం కట్టాలని 2023 జనవరిలోనే నిబంధనలు వచ్చాయి. అలాగని యాప్‌లో నోటీసు పెట్టగానే తవ్వేయొచ్చు అనుకోకండి, అది పర్మిషన్ కాదు. రోడ్డు ఎవరిదైతే అనుమతి వాళ్లదే: కాలనీ రోడ్డయితే మున్సిపాలిటీ, ఆర్ అండ్ బీ రోడ్డయితే ఆ శాఖ, జాతీయ రహదారయితే హైవే అథారిటీ. రోడ్డును మళ్లీ మామూలుగా చేయడానికయ్యే రీస్టోరేషన్ ఛార్జీలు వేరే, మెయిన్ రోడ్డయితే ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడుకోవడం వేరే.

ఇక ఒక్క పాయింటు ఎందుకు తగ్గించానంటే, యాప్ చూపించేది లైన్ల యజమానులు ఇచ్చిన సమాచారం మేరకే. మా సైట్ దగ్గర నోటీసు పెట్టాక ఒక కేబుల్ కంపెనీ నుంచి ఎంతకీ జవాబు రాలేదు, ఫోన్ మీద ఫోన్ చేస్తే వాళ్ల లైన్‌మన్ వచ్చి సున్నంతో గీత గీసి ఇక్కడుంది సార్ అన్నాడు. జేసీబీని పక్కన ఆపి కూలీలతో గడ్డపారకి పని చెప్పకుండా పారతో మెల్లగా చిన్న ట్రయల్ గుంట తీయిస్తే, ఆ కేబుల్ ఉన్న ఆరెంజ్ రంగు పైపు గీతకి మూరెడు అవతల, మేం అనుకున్నదానికంటే బాగా పైనే కనిపించింది. ఆ గీతని నమ్మి జేసీబీ బకెట్ వేసి ఉంటే వీధి మొత్తానికి ఇంటర్నెట్ పోయేది. తవ్వుతుంటే వరసగా పరిచిన ఇటుకలు తగిలితే ఇంకా జాగ్రత్త, చాలాసార్లు దాని కింద కరెంటు కేబుల్ ఉంటుంది, అక్కడ కూలీల ప్రాణాల సంగతి.

జవాబు ఇవ్వని సంస్థల మీద గట్టి గడువు పెడితే ఆ ఒక్క పాయింటూ ఇచ్చేస్తాను. అప్పటిదాకా నోటీసు స్క్రీన్‌షాట్, పర్మిషన్ కాగితం, ఛార్జీలు కట్టిన రసీదు మూడూ ప్రింట్ తీసి సైట్‌లో సూపర్‌వైజర్ దగ్గర ఉంచండి, అడిగితే వెంటనే చూపించొచ్చు.