బెజవాడలో మూడు నెలల పెళ్లి మకాం

మా అక్క కూతురు పుట్టి పెరిగింది అమెరికాలో. చేసుకోబోయే అబ్బాయిదీ ఆ దేశమే, తెలుగువాడు కాదు. "పిన్నీ, పెళ్లి మాత్రం అమ్మమ్మ ఊళ్లోనే" అని ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంత సంతోషపడ్డానో అంత టెన్షన్ పట్టుకుంది. ఇద్దరివీ విదేశీ పాస్‌పోర్టులే. ఇక్కడ జరిగే పెళ్లి చట్టప్రకారం చెల్లేదెలా?

పురోహితుడు, తాళి, తలంబ్రాలు ఉంటే చాలని చాలామంది అన్నారు. చాలదు. హిందూ వివాహ చట్టం కింద జరగాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. అబ్బాయి క్రైస్తవుడు. మతం మారమని అడగడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. క్రైస్తవ వివాహ చట్టం దారి మా అమ్మాయి వద్దంది. దాంతో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పట్టుకున్నాం. అందులో 'ఏ ఇద్దరు వ్యక్తులైనా' అనే ఉంది, భారత పౌరులై ఉండాలన్న షరతు లేదు.

అసలు సంగతి రోజుల లెక్కలో ఉంది. నోటీసు ఇచ్చే తేదీకి ముందు ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు బోర్డు మీద పెట్టాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. అక్కడికే రెండు నెలలు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరక్కపోతే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా జోలికి పోకుండా ఇద్దరూ ఏడాది వీసా తీసుకున్నారు. అమ్మాయి 2024 నవంబరులోనే వచ్చేసింది. అబ్బాయి డిసెంబరు చివర్లో వచ్చాడు.

మొదటి మకాం తాడేపల్లి. ప్రకాశం బ్యారేజీ దాటగానే, బాల్కనీలోంచి కృష్ణ కనిపించే ఫ్లాట్. రాత్రిపూట బ్యారేజీ దీపాలు నీళ్లలో మెరుస్తుంటే అమ్మాయి లోపలికి వచ్చేది కాదు. తొమ్మిదో రోజున వివరాలు కనుక్కుందామని బెజవాడలో రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాం. గుమస్తా అడ్రసు చూసి, "ఇది గుంటూరు జిల్లా కదమ్మా" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మనకు ఏరు దాటితే వేరే ఊరన్న ధ్యాసే ఉండదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి కేంద్రమైంది. తాడేపల్లి, ఉండవల్లి, మంగళగిరి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. పోనీ మా ఇంటికి తెచ్చేద్దామంటే మాది కానూరు, అది కృష్ణా జిల్లా.

అక్కడే ఉండి గుంటూరు జిల్లాలో నోటీసు ఇద్దామంటే ఇంకో చిక్కు. విదేశీయులు బసకు దిగిన 24 గంటల్లోగా, బస ఇచ్చినవాళ్లు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో వేయాలి. అప్పట్లో దాన్ని ఫారం సి అనేవారు. హోటలైనా, సొంతిల్లైనా ఇదే రూలు. ఎక్కడ ఎప్పటినుంచి ఉన్నారో చూపించే కాగితం అదే. ఆ ఫ్లాట్ ఓనరు దాన్ని వేయనే లేదు. తొమ్మిది రోజులూ పోయినట్టే.

వెంటనే బెజవాడలోనే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో దించాం. వాళ్లు పాస్‌పోర్టు తీసుకుని పది నిమిషాల్లో ఫారం సి ప్రింటు చేతిలో పెట్టారు. పొద్దున్న ఇడ్లీ, కారప్పొడి చాలా బాగుండేవి. కానీ అర్ధరాత్రి దాకా హారన్లు, వంటకి వీలు లేదు. నాలుగు రోజులకే అమ్మాయి మొహం వాడిపోయింది. తర్వాత మొగల్రాజపురంలో సర్వీస్ అపార్ట్‌మెంట్ దొరికింది. ఫారం సి సంగతి ముందే అడిగాను. ఓనరు గారు ఆ సాయంత్రమే వేసి కాపీ ఇచ్చారు. సందు ప్రశాంతంగా ఉంటుంది, వంటిల్లుంది, నెలకి హోటల్ ఖర్చులో సగం కూడా కాలేదు. నా మటుకు ఇలాంటి పెళ్లికి ఇదే సరైన మకాం. హోటల్ వారం లోపు బసకే బాగుంటుంది.

ఇక కాగితాలు. అబ్బాయికి ఇంతకుముందు విడాకులయ్యాయి. ఆ డిక్రీ సర్టిఫైడ్ కాపీ మీద అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర, అక్కడి రాష్ట్రంలోనే వేయించుకోవాలి. తెలిసిన లాయరు గారు ముందే హెచ్చరించబట్టి విమానం ఎక్కకముందే ఆ పని అయింది. పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ అమెరికా ప్రభుత్వం ఇవ్వదు. దానికి బదులు హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని, అధికారి ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ తీసుకోవాలి. ఒక్కో సీలుకి 50 డాలర్లు. అబ్బాయి హైదరాబాద్‌లో దిగిన వారంలోనే ఇద్దరూ ఆ పని ముగించుకుని రైల్లో వచ్చేశారు. "అన్నీ రెండు వారాల్లో చేయించేస్తా" అని ఒక ఏజెంటు రోజూ ఫోన్ చేసేవాడు. చట్టంలో ఉన్న 30 రోజుల్ని ఎవరూ తగ్గించలేరు. అలాంటివాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి.

నోటీసు జనవరి మొదటి వారంలో పడింది. పుష్యమాసంలో ఎలాగూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ వెయిటింగ్ ఎవరికీ బరువనిపించలేదు. దుర్గమ్మ దర్శనానికి మాత్రం భవానీ దీక్షల విరమణ రోజులు తప్పించి వెళ్లాం. భవానీ ద్వీపం ఒక పూట చాలు. కొండపల్లికి మాత్రం రెండుసార్లు వెళ్లారు. తెల్లపొణికి చెక్కని చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ఏనుగుకి తొండం అతికిస్తుంటే అబ్బాయి గంటసేపు కదల్లేదు. ఆ అంబారీ ఏనుగే పెళ్లిదాకా వాళ్ల బల్లమీద ఉంది.

ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తం రోజు పొద్దున్నే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాం. ముగ్గురు సాక్షులు కావాలి. నేను, మావారు, మూడో సంతకం మొగల్రాజపురం ఓనరు గారిది. ఈ చట్టం కింద అధికారి ముందు, సాక్షుల ముందు ఒకరితో ఒకరు నోటితో చెప్పుకుంటేనే పెళ్లి చెల్లుతుంది. ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పొచ్చు. అబ్బాయి వారం రోజులుగా తెలుగులో ప్రాక్టీసు చేశాడు. 'చట్టబద్ధమైన' దగ్గర ఒక్కసారి ఆగి, ఊపిరి పీల్చుకుని, "భార్యగా స్వీకరిస్తున్నాను" అన్నాడు. మా అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అధికారి నవ్వి, ఇంగ్లీషులో కూడా ఒకసారి చెప్పించారు.

సర్టిఫికెట్‌లో పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే సంతకాలు పెట్టించాను. అక్కణ్ణుంచి తిన్నగా కల్యాణ మండపానికి బయల్దేరాం.