ఉతాదా హికారు ఆల్బమ్‌లు: ‘ఫస్ట్ లవ్’ ముందా, ‘ఫాంతోమ్’ ముందా?

నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఫస్ట్ లవ్’ సిరీస్ చూసి వచ్చేవాళ్లు కొందరు, ఇవాంగెలియన్ అనే జపనీస్ యానిమేషన్ సినిమాల చివర్లో పాట వచ్చేసరికి లేవకుండా కూర్చుండిపోయినవాళ్లు ఇంకొందరు. ఎటు నుంచి వచ్చినా అడిగేది ఒకటే: జపాన్ పాప్ స్టార్ ఉతాదా హికారు పాటలు విడివిడిగా బాగున్నాయి, ఆల్బమ్‌గా వినాలంటే ఏది ముందు? చివరికి పోటీ మూడింటి మధ్యే మిగులుతుంది: 1999 నాటి ‘ఫస్ట్ లవ్’, 2016 నాటి ‘ఫాంతోమ్’, 2022 నాటి ‘బ్యాడ్ మోడ్’.

‘ఫస్ట్ లవ్’కి ఉన్న పేరు చిన్నది కాదు. అది విడుదలయ్యే నాటికి ఉతాదాకి పదహారేళ్లు. జపాన్‌లో 75 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైంది, ఆ లెక్కను అక్కడ ఇప్పటికీ ఏ ఆల్బమూ దాటలేదు. ఎందుకంత గోల అంటే ‘ఆటోమేటిక్’ మొదటి చరణం వింటే చాలు. న్యూయార్క్‌లో పుట్టిన గొంతు అది. అమెరికన్ ఆర్ అండ్ బీ పాడే పద్ధతిలో జపనీస్ మాటని నడిమధ్య విరిచి, మిగతా సగాన్ని తర్వాతి దెబ్బ మీద కూర్చోబెడుతుంది. బీట్ కోసం మాటనే తుంచేసే ఈ పద్ధతి అప్పటి శ్రోతలకు బాగా కొత్త.

మొదటి నాలుగు పాటలూ వరసగా అదరగొడతాయి. నాలుగోది టైటిల్ పాట, సిరీస్ చూసినవాళ్లకి ఎలాగూ కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘టైమ్ విల్ టెల్’ దాకా పట్టు సడలదు. ఆ తర్వాతే నాకు కొంచెం నీరసం వస్తుంది. ‘అనదర్ ఛాన్స్’ లాంటి పాటల్లో ఆ కాలపు కీబోర్డు మోతే ఎక్కువగా వినిపిస్తుంది. పైగా గొంతు ఎంత బాగున్నా, సంగతులు వేయగలనని చూపించాలనే తహతహ అక్కడక్కడా తెలిసిపోతుంది. ఆ వయసుకి అది సహజమే.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది గొంతే. మనలో చాలామందికి జపనీస్ రాదు. అనువాదం వెతుక్కుని చదివేది ఎప్పుడో తర్వాత. అప్పటిదాకా మనల్ని పట్టి ఉంచాల్సింది ఆ గొంతు ఒక్కటే. అది మనకెంత దగ్గరగా వినిపిస్తోంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నవే ముఖ్యం. ఆ లెక్కన చూస్తే ‘ఫాంతోమ్’కి సాటి లేదు.

2010 చివర్లో ఉతాదా పాటలకు విరామం ఇచ్చారు. 2013 ఆగస్టులో తల్లి ఫుజీ కెయికో చనిపోయారు. ఎన్‌కా అనే జపనీస్ విషాద గీతాలతో 1970ల జపాన్‌ని ఊపేసిన గాయని ఆమె. ‘ఫాంతోమ్’ ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్. తల్లి నీడ దాని నిండా ఉన్నా ఏడుపు పాటల మూట మాత్రం కాదు. మొదటి పాట ‘మిచి’ నడక డాన్స్ బీట్ మీదే. ‘హనతబా ఓ కిమి ని’ అయితే జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయం సీరియల్‌కి టైటిల్ పాట. టిఫిన్ల వేళకి జపాన్ ఇళ్లలో రోజూ మోగిన ఆ హాయైన బాణీ నిజానికి తల్లికి వీడ్కోలు. ‘మనత్సు నో తోరియామె’లో పియానో పక్కన గొంతు దాదాపు ఒంటరిగా నిలబడుతుంది. సంగతులూ మెరుగులూ ఏమీ ఉండవు. చివర్లో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తూ సన్నబడిపోతాయి. అర్థం తెలియకుండానే నాకు గొంతు పట్టేసింది.

మధ్యలో ఊపిరి తీసుకోవడానికి షీనా రింగో అనే మరో జపాన్ గాయనితో పాడిన సరదా పాట ఒకటి ఉంది. ‘ఓరె నో కనోజో’లో మగవాడి మాట, అతని ప్రియురాలి మాట రెండూ ఉతాదాయే పాడతారు. ఆఖరి పాట ‘సకురానగాషి’ని కూడా తల్లి పోయాక రాసిందే అనుకుంటారు చాలామంది. అది 2012లోనే ఇవాంగెలియన్ కోసం వచ్చేసింది. అయినా ఇక్కడ, ఈ పాటలన్నిటి తర్వాత వింటే, ఈ ఆల్బమ్ కోసమే రాసినట్టుంటుంది.

‘బ్యాడ్ మోడ్’ని తక్కువ చేయను. శబ్దం పరంగా మూడింటిలో అదే మేటి. ఫ్లోటింగ్ పాయింట్స్, ఎ.జి. కుక్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతకారుల చేయి పడింది. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే ‘కిమి ని ముచ్యూ’ బేస్ కోసమైనా వినాలి. ఫ్రాన్స్ నగరం మార్సెయ్ పేరు మీద ఉన్న పాట పన్నెండు నిమిషాలకు దగ్గరగా సాగుతుంది, నాకైతే విసుగు రాలేదు. ఇంగ్లిష్ మాటలు కూడా బాగా కలిసి ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకి తేలిక. కాకపోతే ఇందులో గొంతు వాయిద్యాల మధ్య మరో వాయిద్యంలా కలిసిపోతుంది. ఎలక్ట్రానిక్ సంగీతం మీద ముందే ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం నా మాట వినకుండా నేరుగా దీనికే వెళ్లండి.

మిగతావి క్లుప్తంగా. ‘డిస్టెన్స్’ మొదటి వారం 30 లక్షలు దాటిందన్న చరిత్ర కోసం వినొచ్చు. ‘డీప్ రివర్’ బాగుంటుంది, తర్వాత చూసుకోండి. 2018 నాటి ‘హత్సుకోయి’ ‘ఫాంతోమ్’ నచ్చినవాళ్లకే.

నా వరస అడిగితే ముందు ‘ఫాంతోమ్’, తర్వాత ‘బ్యాడ్ మోడ్’, ఆ పైన ‘ఫస్ట్ లవ్’. చివరిదాంట్లో ఆఖరున ఉన్న ‘ఆటోమేటిక్’ రీమిక్స్ వదిలేసినా నష్టమేం లేదు.